కేరాఫ్ ఆదిబాబు

పర్సుడీహ్, టాటానగర్
9 ఆగస్టు 1981

తమ్ముడు ఆదికి అన్నయ్య దీవెనలు.

వానలకి నీ ఉబ్బసం తిరగబెట్టిందని మరదలు రాసిన ఉత్తరం అందింది. ఇక్కడా వాన విడవడం లేదు. షెడ్డులో ఇంజన్ల కింద గోతులు నిండిపోయాయి, మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి పని చేస్తున్నాం. మీ వదిన పోలమ్మకి మోకాలి నొప్పి అలాగే ఉంది. జుగ్సలాయి నుంచి ఏదో నూనె తెచ్చాను. వాసన తప్ప గుణం లేదంటుంది.

నిన్న ఒక కవరు వచ్చింది. విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థుల సంఘం వాళ్లు పంపింది. మన ఊరి పోస్టాఫీసుకి వస్తే చిన్నారావు ఇటు మళ్లించాడు. కవరు మీద టైపులో "శ్రీ పైల తవిటయ్య, బి.ఏ." అని ఉంది. ఊరి అడ్రసు కొట్టేసి చిన్నారావు చేత్తో రాశాడు: "కేరాఫ్ పైల ఆదిబాబు, ఫిట్టరు, లోకో షెడ్డు, టాటానగర్." అమ్మ ఉన్నన్నాళ్లూ నేను పంపిన మనియార్డర్లు ఇచ్చినవాడు, వాడికి సంగతి తెలుసు. అలా నాకు నేనే కేరాఫ్ అయ్యాను.

లోపల ఒక ఫారం, ఒక విన్నపం. చదువు చెప్పిన విద్యాలయాన్ని మీ వీలునామాలో తలుచుకోండి, ఒక్క వాక్యం చాలు అని రాశారు. ఆ వాక్యం రాస్తామని హామీ ఇచ్చిన వాళ్ల పేర్లు జనవరి ఉత్సవంలో చదువుతారట.

మనిద్దరం ఈ మాట ఎప్పుడూ కాగితం మీద పెట్టలేదు. ఇవాళ పెడుతున్నాను. 1943లో నూకయ్య మామ షెడ్డులో ఖలాసీ పనికి నీ పేరు రాయించాడు, నేను కాలేజీకి వెళ్లాలి కాబట్టి. నీ ఉబ్బసం చూసి రైల్వే డాక్టరు తోసేస్తాడని తేలాక, ఆ పనికి నీ పేరుతో నేను వచ్చాను. నా ఎస్సెల్సీ సర్టిఫికెట్ పెట్టెలో ఉండిపోతే అమ్మే అంది, "కాయితం ఊరికే పోద్ది, సిన్నోడు అట్టుకెల్తాడు" అని. నువ్వు నా పేరుతో బి.ఏ. చదివావు. ఎవరూ ఎవరినీ మోసం చేద్దామనుకోలేదు. ఒక పని జారిపోకుండా, ఒక కాగితం పాడవకుండా చూశారు, అంతే.

కాని ఆ కవరు మీద నా పేరు పక్కన బి.ఏ. అని ఉండడం చూశాను. మాకు పిల్లల్లేరు. మూడేళ్లలోపే రిటైరవుతాను. ఫండులో కొంత మీ వదిన తర్వాత ఆ విద్యాలయానికి పోవాలని, ఏటా ఒక షెడ్డు కూలీ బిడ్డ పుస్తకాలకి ఖర్చవ్వాలని అనుకుంటున్నాను. తవిటయ్య పేరున. నువ్వు రిజిస్ట్రేషన్ శాఖలో ఉన్నావు, వీలునామాలు రోజూ చూస్తావు. ఆ ఒక్క వాక్యం ఎలా రాయాలో చెప్పు.

నీ అన్నయ్య


విజయనగరం
20 ఆగస్టు 1981

అన్నయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి పొయ్యిలో వేశాను. ఇది కూడా చదివి నువ్వు అదే పని చెయ్యి.

అలాంటి విషయం కాగితం మీద ఎలా పెట్టావు? నీ లెక్కన వచ్చే జూన్ ముప్పయ్యిన నేను రిటైరవుతున్నాను. నీ పుట్టినతేదీ కాబట్టి రెండేళ్లు ముందు. పెన్షన్ కాగితాలు కదిలాయి. సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ నుంచి చూస్తారు. సంతకం పెట్టడానికి వచ్చినవాడు ఆ మనిషేనా కాదా అని రోజూ సాక్షుల్ని అడిగే ఉద్యోగం నాది. నా గురించి ఎవరైనా అడిగితే నేను తేగల సాక్షులు ఇద్దరే, నువ్వూ చిన్నారావూ.

ఫారం నింపకు. విశ్వవిద్యాలయానికి జవాబివ్వకు. నీ డబ్బు ఎవరికివ్వాలో నీ ఇష్టం, కాదనను. కాని ఆ పని చేసే ముందు మా గణపతి సంగతి కూడా ఒకసారి ఆలోచించు.

వదినకి మోకాలికి వేడి ఇసుక కాపడం పెట్టమను.

ఆది


పర్సుడీహ్
2 సెప్టెంబర్ 1981

తమ్ముడికి,

నీ ఉత్తరం మీ వదినకి చదివి వినిపించాను, కాల్చే ముందు. గణపతి మాట దగ్గర ఆపమంది. "ఏటన్నాడు, మల్లీ సదువు" అంది. మళ్లీ చదివాను. "అయితే డబ్బు కొడుక్కి రాయమంతన్నాడు. తిన్నగా అడిగితే ఏటైపోద్ది" అంది.

అడక్కుండా చేసిన పని ఒకటి ఉంది, నీకు చెప్పలేదు. ఎనిమిదేళ్ల కింద ఫండు నామినేషన్ కాగితంలో మీ వదిన పేరు తర్వాత గణపతి పేరు రాయించాను. ఇప్పుడు విద్యాలయానికి అనుకున్నది అందులో మూడో వంతు. మిగతాది వాడిదే. నీ కొడుకు వాటా తగ్గిపోతుందని నువ్వు భయపడాల్సింది లేదు.

ఫారం నీ జవాబు రాకముందే పంపేశాను. వద్దంటావని అనుకోలేదు. ఇంగ్లీషులో నేనే నింపాను. షెడ్డులో ఎవర్నీ అడగలేదు. ఏ సంవత్సరం చదివారు అన్న చోట నీ సంవత్సరాలు వేశాను. ఎన్నో గది, ఏ హాస్టలు అన్న ప్రశ్న లేదు. ఉంటే చెప్పగలిగేవాణ్ని. నువ్వు అప్పట్లో రాసిన ఉత్తరాలన్నీ దాచాను. ఉత్తరం వైపు పదకొండో గది, కిటికీకి ఒక రెక్క లేదు.

ఇక్కడ విశ్వకర్మ పూజకి చందాలు మొదలయ్యాయి. నన్నే ఖజాంచీ చేశారు. "ఆదిబాబు దగ్గర పైసా ఇటు అటు కాదు" అంటారు. నీ పేరుకి ఇక్కడ ఆ గౌరవం ఉంది. తెలుసుకుంటావని రాస్తున్నాను.

అన్నయ్య


విజయనగరం
25 సెప్టెంబర్ 1981

అన్నయ్యకు,

సోమవారం మధ్యాహ్నం మా గుమాస్తా వెంకటరావు ఒక ఉత్తరం తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆఫీసు అడ్రసుకి వచ్చింది కాబట్టి విప్పాడు, చదివాడు. విశ్వవిద్యాలయం వాళ్లు రాసింది. హామీ పత్రంలో పేరు పైల తవిటయ్య అని ఉంది, సంతకం మాత్రం పి. ఆదిబాబు అని ఉంది, దయచేసి ఈ ఆదిబాబు ఎవరో తెలపండి అని అడిగారు. నాతో చదివిన సూర్యం అక్కడ ఉత్సవ కమిటీలో ఉన్నాడు. తవిటయ్య అంటే విజయనగరంలో రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉన్నవాడే అని చెప్పి నా అడ్రసు వాడే ఇచ్చాడట.

"ఎవరండీ ఆదిబాబు" అని వెంకటరావు నిలబడే అడిగాడు. మా తమ్ముడు అన్నాను. "తమరి పేరున్న కాగితం మీద వారెందుకు సంతకం పెట్టారండీ" అన్నాడు. టాటాలో ఉంటాడు, అంత చదువుకోలేదు, పొరపాటు పడి ఉంటాడు అన్నాను. వాడు నవ్వి వెళ్లిపోయాడు. నేనూ నవ్వాను. నిన్ను చదువురానివాడిగా చెప్పి నవ్వాను. ఇది రాయకపోతే నీకు తెలిసేది కాదు. రాయకుండా ఉండలేకపోయాను.

ఇప్పుడు ఒకటి అడుగుతాను. ఆ సంతకం కావాలని పెట్టావా? నా జవాబు రాకముందే పంపేశానన్నది నిజమేనా, లేక నేను గణపతికి డబ్బు అడిగానన్న కోపంతో పెట్టావా? నేను అడిగింది డబ్బు కాదు. గణపతి అదే విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. వాడి సర్టిఫికెట్లన్నిటి మీదా తండ్రి పేరు తవిటయ్య. నా పేరు బయటపడితే వాడికి తండ్రి పేరు మిగలదు. ఆలోచించమన్నది అది. కాగితాల ప్రకారం వాడు నీ కొడుకే. నువ్వు నామినేషన్ రాశావని తెలిశాక నాకు ఆ మాట రాయడానికి కూడా ముఖం చెల్లడం లేదు.

జవాబు వెంటనే రాయి. ఆఫీసుకి కాదు, ఇంటికి.

ఆది


పర్సుడీహ్
8 అక్టోబర్ 1981

తమ్ముడు ఆదికి,

కావాలని పెట్టలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఫారం నింపిన రోజు నాకు సెలవు. సంతకం చోటు వదిలి మిగతాదంతా రాశాను. తర్వాత పాత పేపరు ఒకటి తీసుకుని పి. తవిటయ్య అని సాధన చేశాను. పన్నెండుసార్లు రాశాను. మొదటి నాలుగూ బళ్లో పిల్లాడు రాసినట్టున్నాయి. తర్వాతవి బాగానే వచ్చాయి. చెయ్యి కుదిరిందనుకుని ఫారం దగ్గరికి జరుపుకుని, కలం పెట్టి, సంతకం చేసి, సిరా ఆరాక మడిచి కవర్లో పెట్టాను. ఏం రాశానో చూడలేదు. నీ ఉత్తరం వచ్చేవరకు అది నా పేరే అనుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్లుగా జీతం తీసుకున్న సంతకం అది. సంతకం చోటు చూస్తే చెయ్యి దానంతట అదే పోతుంది.

కోపం లేదు. సిగ్గుగా ఉంది. నా పేరు రాయడం నాకు రాదని విశ్వవిద్యాలయానికి నేనే రాసి పంపాను. వెంకటరావుతో నువ్వు అన్నదాంట్లో తప్పేం లేదు.

ఇంకో సంగతి తోచింది. షెడ్డులో, బజార్లో, డాక్టరు దగ్గర నన్ను నీ పేరుతో పిలుస్తారు. ఇంట్లో మీ వదిన మొగుడి పేరు పలకదు, "ఇదిగో" అంటుంది, లేకపోతే "యినబడతందా" అంటుంది. అమ్మ పోయాక నా పేరు పైకి అన్నవాళ్లు లేరు. నీకు ఉత్తరం రాసినప్పుడు కవరు మీద రాసేది నా పేరే, అది నీ అడ్రసు కాబట్టి. నువ్వు నాకు రాసే కవరు మీద నీ పేరు రాసుకుంటావు. అంతే.

గణపతి మాట నేను తప్పుగా అర్థం చేసుకున్నాను. మీ వదిన కూడా "ఆ పిల్లడి కోసమా. ముందే అలా సెప్పలేదేటి" అని బాధపడింది. ఫారం చింపెయ్యమని వాళ్లకి రాసెయ్. పూజ బాగా జరిగింది.

అన్నయ్య


విజయనగరం
3 నవంబర్ 1981

అన్నయ్యకు నమస్కారాలు.

జవాబు ఆలస్యమైంది. మూడుసార్లు మొదలుపెట్టి మానేశాను.

ఫారం చింపమని రాయలేదు. వేరే దారి చూశాను. చట్టంలో అడ్డు లేదు. వీలునామా నువ్వు ఆదిబాబుగానే రాయాలి, ఫండు ఆ పేరు మీదే ఉంది కాబట్టి. ఆదిబాబు తన అన్న తవిటయ్య పేరిట ఇస్తున్నట్టు రాస్తే చాలు. సంతకం కూడా సరిపోతుంది. నువ్వు అడిగిన ఒక్క వాక్యం ఇది:

"మా అన్న పైల తవిటయ్య చదువుకు గుర్తుగా, నా భార్య అనంతరం నా ఫండులో మూడో వంతు, కూలీల బిడ్డల పుస్తకాల నిమిత్తం, విశ్వవిద్యాలయానికి చెందవలెను."

ఇరవై తొమ్మిదేళ్లలో నేను చాలా దస్తావేజులు దిద్దాను. ఇంత సక్రమమైన వాక్యం రాయలేదు. తప్పు పట్టడానికి ఒక్క మాట దొరకదు. ఇందులో చదువుకున్నది నేను, ఇచ్చేది నువ్వు, పేరు నీది, అయినా నువ్వు నీకు తమ్ముడివై ఇవ్వాలి. ఇంతకంటే నాకు చాతకాలేదు.

సంతకం చేసి, ఇద్దరు సాక్షులతో నాకు పంపు. జనవరి పదిన ఉత్సవం. పేర్లు చదివినప్పుడు తవిటయ్య గారు రావాలని సూర్యం పట్టుబట్టాడు. రానంటే ఎందుకు రావని అడుగుతాడు. వెళ్తాను.

ఆది


(కార్డు)
పర్సుడీహ్
15 నవంబర్ 1981

పూజ్యులైన అన్నయ్య తవిటయ్య గారికి నమస్కరించి తమ్ముడు ఆదిబాబు రాయునది. నువ్వు చెప్పిన కాగితం మీద సంతకం చేసి రిజిస్టరు పోస్టులో పంపాను. సాక్షులు నీలకంఠం, గోవిందరావు, ఇద్దరూ షెడ్డువాళ్లే. జనవరిలో చలిగా ఉంటుంది, కోటు వేసుకుని వెళ్లు. ఉబ్బసం మందు జేబులో పెట్టుకో.

ఆదిబాబు


విజయనగరం
11 జనవరి 1982

అన్నయ్యకు,

నువ్వు నన్ను అన్నయ్యా అని రాసిన కార్డు అందింది. పోస్టుమాను చదువుతాడని అలా రాశావని తెలుసు. అయినా దాన్ని నీ మరదలు నూకాలమ్మకి చూపించలేదు.

నిన్న వెళ్లొచ్చాను. హాలు నిండుగా ఉంది. హామీ ఇచ్చినవాళ్లు నలభై ఒక్క మంది, చాలామంది డాక్టర్లు, ప్లీడర్లు. పేరు చదవగానే లేవాలి, వేదిక దగ్గరికి వెళ్తే శాలువా కప్పుతారు. సూర్యం నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. గణపతి వెనక వరసల్లో పిల్లలతో ఉన్నాడు.

నీకు ఎప్పుడూ రాయని సంగతి ఒకటి ఉంది. 1943 జూలైలో మొదటి వారం క్లాసులో హాజరు పిలిచేవారు. నీ పేరు పిలిస్తే నాకు తట్టేది కాదు. నేను పక్కనున్న వాడి వంక చూసేవాణ్ని. ఆ వారం తవిటయ్యకి అంతా గైర్హాజరే. ఆదివారం గదిలో తలుపేసుకుని పైకి నీ పేరు పిలుచుకుని, ప్రెజెంట్ సార్ అని లేచి నిలబడి సాధన చేశాను. పదకొండో గదిలో. ఆ తర్వాత ఎప్పుడూ తప్పలేదు. ఇంటర్వ్యూలో లేచాను, పెళ్లిపీటల మీద లేచాను, ప్రమోషన్ ఇచ్చినప్పుడు లేచాను.

నిన్న పైల తవిటయ్య అని చదివారు. లేవలేదు.

సూర్యం మోచేత్తో పొడిచాడు. "ఒరే, నిన్నేరా." అది మా అన్న పేరు అన్నాను. "మరి నీ పేరేటో?" అన్నాడు నవ్వుతూ. ఆదిబాబు అన్నాను. వాడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, నా ముఖం చూసి ఆపేశాడు. రెండోసారి చదివారు. మూడోసారి చదివి, దాత రాలేకపోయారు అని చెప్పి తర్వాతి పేరుకి వెళ్లిపోయారు. రాలేకపోయారన్నది నిజమే.

సూర్యం ఎవరికైనా చెబుతాడో లేదో తెలియదు. చెప్పొద్దని నేను అడగలేదు. పెన్షన్ కాగితాలు ఇంకా హైదరాబాదులోనే ఉన్నాయి.

బస్సులో గణపతి అడిగాడు, నాన్నా ఎందుకు లేవలేదు అని. విజయనగరం వచ్చేలోపు అంతా చెప్పాను. "అయితే నా కాగితాల మీద ఉన్నది పెదనాన్న పేరా?" అన్నాడు. అవునన్నాను. "అలాగే ఉండనీ" అన్నాడు. వాడు నన్ను క్షమించాడో, నా పేరు తనకి అక్కర్లేదన్నాడో నేను తేల్చుకోలేదు. రెండోది అయినా నాకు తగినదే.

శాలువా తీసుకోలేదు. రసీదులో ఎవరి సంతకం పెట్టాలో తెలియక.

ఈ కవరు మీద కేరాఫ్ రాయలేదు, షెడ్డు రాయలేదు. నీ పేరూ, వీధీ, పర్సుడీహ్, అంతే. చేరకపోతే వెనక్కి వస్తుంది. అప్పుడు మామూలుగా రాస్తాను.

నీ తమ్ముడు
ఆదిబాబు


పర్సుడీహ్
24 జనవరి 1982

తమ్ముడు ఆదిబాబుకి,

నీ కవరు చేరింది. కాస్త ఆలస్యంగా. స్టాంపుల పక్కన రెండు తేదీలున్నాయి, రెండు రోజులు మా పోస్టాఫీసులోనే తిరిగినట్టుంది.

శుక్రవారం నాకు సెలవు. వీధిలో మంచం వేసుకుని ఎండకి కూర్చున్నాను. పోస్టుమాను సైకిలు దిగి, "తవిటయ్య కౌన్ హై భాయ్, ఇస్ గలీ మే తవిటయ్య కౌన్ హై" అని, ఈ వీధిలో తవిటయ్య ఎవరని, అరుస్తూ వస్తున్నాడు. ఇరవై ఏళ్లుగా నాకు ఉత్తరాలు ఇచ్చేవాడే. నన్ను చూసి, "రామ్ రామ్ ఆదిబాబు" అని దాటిపోయాడు. నేనూ రామ్ రామ్ అన్నాను. వీధి చివరిదాకా వెళ్లి మళ్లీ పిలిచాడు. నేను వింటున్నాను. ఎవరినో పిలుస్తున్నాడనుకున్నాను.

ఎదురింటి సీతారామరావు గుమ్మంలోకి వచ్చి, "ఐసా నామ్ కా కోయీ నహీ హై యహాఁ. వాపస్ భేజ్ దో" అన్నాడు, ఆ పేరు గలవాడు ఇక్కడ లేడు, వెనక్కి పంపెయ్యమని. పోస్టుమాను సరేనని సైకిలు తిప్పుకుని, పోయే ముందు ఆఖరుసారి పిలిచాడు.

మీ వదిన మోకాలు పట్టుకుని లోపల్నుంచి వచ్చింది. "ఏటలా కూకున్నావు" అంది. "నిన్నే పిలుత్తన్నాడు."

లేచాను.

నీ అన్నయ్య
పైల తవిటయ్య